తొమ్మిదో నాటి స్నానం

శ్రీకాకుళం పునీత అన్నమ్మ విచారణకు, అంటే ఆ చర్చి కిందున్న క్రైస్తవ సంఘానికి, డెబ్బయి అయిదేళ్లు నిండుతున్నాయని ఒక పుస్తకం వేయడానికి పూనుకున్నారు. రాసే పని కొత్తగా వచ్చిన చిన్న ఫాదరు జోజిగారి నెత్తిన పడింది. ఆయనది గుంటూరు వైపు. ఇక్కడి ఊరూ తెలియదు, ఊరి మాటా తెలియదు. పాత రిజిస్టర్లు తీసి చూస్తే సగం చెదలు తినేశాయి, మిగతా సగం తుఫాన్లకు తడిసి ముద్దయింది. అప్పుడెవరో అన్నారు, "ఆ కాగితాల్లో ఏటున్నాది ఫాదరుగారూ, బళ్లో అన్నమ్మ ఆయాని అడగండి" అని.

మాట నిజమే. అన్నమ్మ ఆ బళ్లో నలభై ఒక్క ఏళ్లుగా ఊడుస్తోంది, గంట కొడుతోంది. గుడి, బడి, సమాధుల తోట మూడూ ఒకే ప్రహరీలో ఉంటాయి కాబట్టి ఆవిడకు తెలియకుండా అక్కడ ఆకు రాలదు. పెంకుల షెడ్డులో నలుగురు పంతుళ్లతో నడిచిన తెలుగు బడి, మెడకు టైలు బిగించే మూడంతస్తుల ఇంగ్లీషు మీడియం అయిందాకా అన్నీ ఆవిడ కళ్లముందే జరిగాయి. ఏ తుఫానుకు గుడి శిఖరం మీది సిలువ విరిగిందో, ఏ సిస్టరమ్మ కోపమొస్తే సుద్దముక్క విసిరేదో, అంతా నోటిమీదే ఉంది. చిన్న ఫాదరు నాలుగు రోజులు కూర్చుని ఒక నోటుబుక్కు నింపారు.

ఆ నాలుగు రోజులూ ఆవిడ ఒక్క ప్రశ్న కోసం ఎదురు చూసింది. ఆయన అడగలేదు. అడగడానికి ఆయనకు తెలిస్తే కదా! అయిదో రోజున, గురువారం, తనే నోరు విప్పింది.

"సైకిల్ షెడ్డు కాడ కొత్త బిల్డింగు లేపతారట గదా బాబూ, ఎప్పుడేటి?"

"సోమవారం జేసీబీ వస్తుందమ్మా."

"ఆ షెడ్డు కింద నా బిడ్డ ఉన్నాది" అంది అన్నమ్మ.

జోజిగారు పెన్ను పక్కన పెట్టారు.

అన్నమ్మ పుట్టింది శ్రీకూర్మం అవతల, సముద్రం మీద వేటకు పోయేవాళ్ల పేటలో. పుట్టింటి వాళ్లు పెట్టిన పేరు అసిరమ్మ, వాళ్లు మొక్కే దేవత పేరు. తుఫాను షెల్టరు కట్టడానికి ఆ పేటకు వచ్చిన తాపీమేస్త్రి రాయప్పతో మనసు కలిసి, పుట్టింటి గడప దాటేసి పట్నం వచ్చింది. అతను ఆర్‌.సి.యం. మనిషి, అంటే రోమన్ కేథలిక్. అప్పట్లో ఉన్న ముసలి ఫాదరు ఈమె కడుపు చూసి, కాన్పయ్యాక మతం సంగతీ పెళ్లి సంగతీ ఒక్కసారే చూద్దాం లెమ్మన్నారు. అంచేత కాన్పు నాటికి అసిరమ్మకు గుడి ఎటువైపుందో తెలుసు గాని, గుడి మాటలు తెలియవు.

ఆడపిల్ల పుట్టింది. రెండో నాడు, రాయప్ప పనిలో ఉన్నప్పుడు, ఉపదేశి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఫాదరు తరఫున ఇల్లిల్లూ తిరిగి విచారించడం అతని పని.

"పిల్లకి స్నానం ఎప్పుడమ్మా?" అని అడిగాడు.

వాళ్లకు స్నానమంటే ఒకటే, బిడ్డ నెత్తిన ఫాదరు నీళ్లు పోసి పేరు పెట్టే జ్ఞానస్నానం. రోజూ అనే మాట కాబట్టి ముందున్న "జ్ఞాన" అరిగిపోయి, ఉత్త స్నానమే మిగిలింది. అసిరమ్మకు స్నానమంటే పురిటి స్నానం. తొమ్మిదో నాడు తల్లికీ బిడ్డకూ వేపాకు వేసి కాచిన నీళ్లు పోస్తారు, ఆ నాడే పేరు పెడతారు. పరాయి మగవాడు ఆ మాట అడిగేసరికి సిగ్గుతో చచ్చిపోయి, తల వంచుకుని "తొమ్మిదో నాడు" అంది. పిల్ల పాలు సరిగా తాగడం లేదు, ఆ సంగతి చెబుదామని నాలుక చివరిదాకా వచ్చింది. మగాడికి ఇవన్నీ ఎందుకని మింగేసింది. చెప్పి ఉంటే ఆ ఉపదేశే చెంబెడు నీళ్లు పోసేవాడు. ప్రాణం మీదికొచ్చిన బిడ్డకు ఎవరైనా పోయవచ్చు, రెండు ముక్కల మంత్రం చాలు. అతను సరేనని వెళ్లిపోయాడు.

ఆరో నాడు తెల్లవారేసరికి బిడ్డ ఒళ్లు చల్లబడిపోయింది.

నీళ్లు పడని బిడ్డకు సమాధుల తోటలో చోటు లేదన్నారు ముసలి ఫాదరు. ఆయన చెడ్డవాడేం కాదు. అయితే ఏం లాభం, గేటు మాత్రం తెరుచుకోలేదు. కంచె అవతల తుప్పల్లో రాయప్పే గొయ్యి తవ్వి, కుక్కలు పెళ్లగించకుండా బిడ్డ మీద మూడు ఇటుకలు పరిచాడు. ఉపదేశి అక్కడే నిలబడి, "తొమ్మిదో నాడని నువ్వే అన్నావు గదమ్మా" అన్నాడు. అతను అడిగిన స్నానం ఏమిటో అప్పుడు తెలిసింది అసిరమ్మకు. తొమ్మిదో నాడన్న ఆ మాట మరి ఆవిడను వదల్లేదు.

తల్లి లోపలికి వెళితే బిడ్డను కూడా లోపలికి లాక్కోవచ్చనే ఆశతో రెండు నెలలకు తనే ఆ నీళ్లు పోయించుకుంది. దేవత పేరు కుదరదని అన్నమ్మ అని పెట్టారు. పేరు పోయింది, పిల్ల బయటే ఉండిపోయింది. మళ్లీ కడుపు పండలేదు. మరుసటి ఏడు ఆ తుప్పల జాగాను బడిలో కలిపేస్తే, ఆ బళ్లోనే ఆయాగా చేరింది. ఏటా సమాధుల పండుగకు అందరూ తోటలో కొవ్వొత్తులు పెట్టుకుంటుంటే ఆవిడ ఒక కొవ్వొత్తి సైకిల్ షెడ్డు మూడో స్తంభం వెనక వెలిగించేది. ఎందుకని ఎవరైనా అడిగితే "దోమలకి" అనేది. పన్నెండేళ్ల కిందట రాయప్పను తోట లోపల పూడ్చినప్పటి నుంచి ఆవిడకు ఇంకో బెంగ పట్టుకుంది. రేపు తనూ లోపలికే పోతుంది. తండ్రీ తల్లీ లోపల, ఆరు రోజుల పిల్ల ఒక్కర్తీ బయట.

అంతా విని చిన్న ఫాదరు ఓదార్పుగా అన్నారు, "ఇప్పుడా నియమం లేదమ్మా. ఎప్పుడో సడలించారు. నీళ్లు పోయించాలనే ఉద్దేశం తల్లిదండ్రులకు ఉంటే చాలు, లోపలే పూడ్చవచ్చు."

పాపం, మంచికే అన్నారు. కాలిన చోట కారం పడినట్టయింది ఆవిడకు.

"తీసీసినారా? ఎప్పుడు?"

"చాలా ఏళ్లయిందమ్మా."

"నేనెక్కడికెల్లిపోనాను బాబూ? ఈ కాంపౌండులోనే ఉన్నాను గదా! పదకొండు మంది ఫాదర్లకి గదులు ఊడిసినాను, గంట కొట్టమంటే కొట్టినాను. కొత్త ఫీజు వస్తే మైకులో సెప్తారు, ఊరేగింపు ఉంటే మైకులో సెప్తారు. ఇది నాకెవులూ సెప్పలేదేటి?"

జోజిగారు లేచి తిన్నగా పెద్ద ఫాదరు గదికి వెళ్లారు.

పెద్ద ఫాదరు ఒప్పుకున్నారు గాని, అడ్మిషన్ల కాలమని గుర్తు చేశారు. బడి ఆవరణలో ఎముకలు దొరికాయని ఎవడైనా సెల్లులో పెడితే అంతే సంగతులన్నారు. అంచేత శనివారం ఒంటిపూట బడి అయ్యాక, పిల్లలందరూ వెళ్లిపోయాక, చప్పుడు కాకుండా కానిచ్చేయాలి. నలభై రెండేళ్ల కిందట దొంగచాటుగా పెట్టిన బిడ్డను దొంగచాటుగానే తీయాలి!

శనివారం మధ్యాహ్నం సమాధుల తోట గోతులు తవ్వే నాగబాబు గునపం పట్టుకొచ్చాడు. మూడో స్తంభం వెనక మోకాటిలోతు తవ్వేసరికి గునపం ఠంగుమంది. మూడు ఇటుకలు, పక్కపక్కనే, తాపీ పనివాడు పరిచినట్టు ముచ్చటగా ఉన్నాయి. అన్నమ్మ వాటిని చూసి "రాయప్పా" అని ఒక్క కేక పెట్టింది. నాగబాబు ఇటుకలు తీసి చేత్తో మెల్లగా మట్టి తోడాడు. ఇంకా తోడాడు. కిందంతా మట్టే.

"పసిబిడ్డ ఎముక ఇన్నాళ్లు ఆగదు పిన్నీ" అన్నాడు తలెత్తకుండా. "మన్నులో కలిసిపోనాది."

"అయితే ఆ మన్నే ఇయ్యి" అంది.

ఇటుకల కిందున్న నల్లమట్టి నాలుగు దోసిళ్లు కొత్త తువ్వాలులో మూట కట్టుకుంది. పురిట్లో బిడ్డను పట్టుకున్నట్టే మూటను మోచేతి మీద పెట్టుకుని, సమాధుల తోట గేటు దాటింది. రాయప్ప కాళ్ల దగ్గర నాగబాబు చిన్న గొయ్యి తీశాడు. చిన్న ఫాదరు ప్రార్థన చదివి, తీర్థం చల్లారు. ఎన్నాళ్లుగానో కోరుకున్నది జరిగింది గదా, ఆవిడకు ఊరట కలిగిందా అంటే కలగలేదు. ఇంత సుళువైన పనా ఇది అని మాత్రం గుండె మండింది.

తర్వాత గుడి పక్క గదిలో జోజిగారు మరణాల రిజిస్టరు తెరిచారు.

"పాప పేరేమిటమ్మా?"

పేరు లేదు. పేరు పెట్టడం కూడా ఆ తొమ్మిదో నాటికే అట్టిపెట్టుకున్నారు.

అన్నమ్మ "అసిరమ్మ అని రాసీయండి" అంది. "నాకు మీవోళ్లు ఏరే పేరు పెట్టీసినారు గదా. మా అమ్మా నాన్నా పోనారు, రాయప్పా పోనాడు, ఆ పేరుతో పిలిసీవోలు ఇంకెవులూ నేరు. నా పేరు ఖాళీగానే ఉన్నాది, దానికిచ్చీయండి."

ఆయన రాశారు. వయసు ఆరు రోజులని రాశారు. తర్వాతి గడిలో ఒక గీత గీయబోయారు.

"ఆ గీత ఏటి బాబూ?"

"జ్ఞానస్నానం తేదీ రాసే చోటమ్మా. లేనప్పుడు గీత పెడతాం."

అన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గీత కొట్టీకండి. తొమ్మిదో నాడు సేద్దుమనుకున్నాం, అని రాయండి."