చౌడయ్య అడ్జస్ట్‌మెంటు

విజయవాడ వన్ టౌన్‌లో చీరల కొట్టు నడిపే చౌడయ్య ఇంగ్లీషు ఒక్క మాటతోనే సాగిపోతుంది: అడ్జస్ట్. సెలవు అడిగిన పనివారికి ఆ మాట చెబితే సెలవు లేదని అర్థం. రంగు వెలిసిన చీర వెనక్కి తెచ్చినవారికి చెబితే మార్చి ఇవ్వడని అర్థం. దారికడ్డంగా బేళ్లు దింపించి ఎదుటి కొట్టువారికి చెబితే నోరు మూసుకోమని. పరుపు మీద బాలీసుకు చేరగిలబడి, తమలపాకు ఈనె తీస్తూ, ఎవరి ముఖమూ చూడకుండానే దాన్ని విసురుతాడు. ఆ పరుపు మీద కొనేవారు కూర్చుంటారు. చీరలు చూపించే పనివాళ్లు, ఆడవాళ్లు మాత్రం కొట్టు మూసేదాకా నిలబడే ఉండాలి. అది ఆయన తండ్రి నాటి కట్టడి.

నిన్న ఆ పనివాళ్లలో ఒకతె, ఏడో నెల గర్భిణి రేణుక, వాచిన పాదాలు చూపించింది. "ఒక్క స్టూలు వేయించండి బాబుగారూ, కాళ్లు నిలవట్లేదు."

"నువ్వు కూర్చుంటే బేరం కూర్చుంటుందమ్మా. రెండు నెలలు అడ్జస్ట్ చేసుకో. లేదా, రేపట్నుంచి ఇంట్లోనే కూర్చో."

పెళ్లి చీరలకు వచ్చిన సుబ్బరత్నమ్మ చేతిలోని పట్టుచీర కింద పడేసింది. "ఏమయ్యా, పరుపంతా నీ ఒక్కడికేనా? ఇలా కూర్చోవే తల్లీ. కూర్చుని చూపిస్తేనే కొంటాను."

"అయ్యో, కూర్చోమనండి! మన పిల్లేగా," అన్నాడు చౌడయ్య, ఆమె కొనడానికి పక్కకు తీసిపెట్టిన చీరల దొంతర వంక చూస్తూ.

సుబ్బరత్నమ్మ ఆటో కదలగానే, "ఇక లే," అన్నాడు. రేణుక లేవలేదు. పరిచిన చీరలను ఒక్కొక్కటిగా ఒళ్లోకి లాక్కుని, కూర్చునే మడతపెట్టసాగింది.