నూకరత్నం ఇంటి నీళ్లు

మా కొట్టు ఎదురుగా ఉన్న చేతిపంపుకి ఈమధ్య ఎవరూ గ్రీజు పెట్టినట్టు లేరు. కొట్టినప్పుడల్లా కీచుమంటోంది. మండపేటలో ఇప్పుడు దాని దగ్గరకు లారీ క్లీనర్లు తప్ప ఎవరూ రారు. అయినా ఆ చప్పుడు చెవిన పడితే కాటాలో పప్పు అలాగే వదిలేసి ఒక్క క్షణం ఆగిపోతాను. రాజేశ్వరి మేడమ్ గుర్తొస్తారు.

ఆవిడ కాకినాడలో నీటి పరీక్షల ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత నీళ్ల గురించి తెలుగులో ఒక సైన్సు బ్లాగు నడిపారు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, నాన్నగారి కిరాణా కొట్లో పొట్లాలు కట్టుకుంటున్న నాకు ఆ బ్లాగు దొరకడం అదృష్టమే. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో రాసి, ధైర్యం చేసి పంపాను. "బాగుందండి. కానీ రెండో పేరాలో మీకు తెలియని మాట ఒకటి వాడారు, తీసేయండి" అని జవాబిచ్చారు. నిజమే, ఆ మాట నాకు తెలియదు. ఎలా కనిపెట్టారో ఇప్పటికీ అర్థం కాదు. వయసులో నాకు తల్లిలాంటి మనిషి, అయినా నన్ను ఎప్పుడూ 'గారు' అనకుండా పిలవలేదు. అలా అతిథి రచయితగా బ్లాగులో నెలనెలా నా పేరు కనిపించసాగింది. నేను ఊరుకుంటానా? కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ ఫోన్ తీసి చూపించేవాణ్ణి. పంచదార కోసం వచ్చినవాళ్లు పాపం చదివి వెళ్లేవారు.

ఆ ఊపులోనే కాకినాడ దగ్గర సముద్రపొడ్డున ఉన్న ఒక మత్స్యకారుల పేటకు వెళ్లాను. అక్కడి బోరు నీళ్లు ఉప్పని, కుళాయి లైను కోసం ఆడవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారని విన్నాను. ఎండుచేపలు అమ్ముకునే నూకరత్నం కుర్చీ వేసి కూర్చోబెట్టి, మామిడితాండ్ర పెట్టింది. బోరు నీళ్లు ఒక సీసా కావాలన్నాను. ఎందుకో చెప్పలేదు. సీసా తీసుకుని లోపలికి వెళ్లి నింపి తెచ్చింది. ఇంటికొచ్చి పరీక్ష చేస్తే ఉప్పు దాదాపు లేదు. జనం చెప్పేది ఒకటి, పరీక్షలో తేలేది ఒకటి అని గొప్పగా రాశాను. మేడమ్ ప్రచురించారు.

వారం తిరక్కుండా నూకరత్నం ఫోన్ చేసింది. "మా నీళ్లు బాగున్నాయని రాశారంటండి. ఆఫీసులో మీ రాత కాగితం మీద సూపించి, మీకింక కుళాయెందుకంటన్నారండి. మా పిల్లలు ఆ ఉప్పునీళ్లే తాగాలాండి?" గొంతులో కోపం లేదు. ఉంటే నేనూ వాదించేవాణ్ణి.

మేడమ్‌కి చెప్పాను. పరీక్షలో తప్పు లేదని గట్టిగానే అన్నాను. ఆవిడ ఒక్కటే అడిగారు. "సీసాలో నీళ్లు పడుతుంటే మీరు చూశారాండి?"

చూడలేదు. నేను నీడలో కూర్చుని తాండ్ర తింటున్నాను.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. మోకాళ్ల నొప్పులతో మేడమ్ ఆ ఇసుకలో నడుస్తుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు. అడగ్గానే నూకరత్నం దాచకుండా చెప్పేసింది. బోరు నీళ్లు చాలని నేను మొహమాటానికి అన్నాననుకుందట. "ఇంటికొచ్చిన మడిసికి ఆ నీళ్లు ఎలా పోత్తామండి? చుట్టాలకని కొని ఉంచిన క్యాను నీళ్లు పోశాను" అంది. ఆ మాటకి మేడమ్ ఆవిడ చెయ్యి పట్టుకుని, నీ తప్పేం లేదమ్మా అన్నారు. తరవాత పెరట్లోకి వెళ్లి తనే పంపు కొట్టి, సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, నాలుగోసారి పట్టారు. ఒక గ్లాసులో క్యాను నీళ్లు, ఇంకో గ్లాసులో బోరు నీళ్లు పోసి, రెండింటిలోనూ ఉప్పును పట్టిచ్చే మందు చుక్కలు వేశారు. క్యాను నీళ్లు కాస్త మసకబారాయి. బోరు నీళ్లు మజ్జిగలా తెల్లబడ్డాయి. ఆ తెలుపు ఉప్పుదని మేడమ్ చెప్పారు.

"మా నోటికి తెలిసిందేనండి. ఇప్పుడు మీకూ తెలిసింది" అంది నూకరత్నం.

తిరుగు బస్సులో ఆ రచన తీసేయమని మేడమ్‌ని బతిమాలాను. పరువు పోతుందని కూడా అన్నాను. "తీసేస్తే ఆఫీసులో ఉన్న కాగితం అలాగే ఉంటుంది కదండి. దాన్నెవరు దిద్దుతారు?" అన్నారు. ఆ సాయంత్రమే నా రచన పైన కొత్త ఫలితం పెట్టి, దాని కింద ఇలా రాశారు. "ఈ తప్పు నాది. నీళ్లు ఎవరు పట్టారని అడగకుండా ప్రచురించాను." ఆ పక్కన తన పేరు. అది ప్రింటు తీయించుకుని పేట ఆడవాళ్లు మళ్లీ ఆఫీసుకి వెళ్లారు. కుళాయి రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది కానీ, నా రాతను అడ్డం పెట్టి వాళ్లనెవరూ వెనక్కి పంపలేదు.

ఆ రెండు వాక్యాలు చదివినప్పుడు నాకు హాయిగా అనిపించింది. తప్పు ఆవిడ మీదికి పోయింది కదా అని. ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మేడమ్ పోయి రెండేళ్లయింది. బ్లాగు ఇప్పుడు నేనే చూస్తున్నాను. ఎవరు రచన పంపినా, నీళ్లు పడుతుంటే చూశారా అని ముందు అడుగుతాను. కొందరు నొచ్చుకుంటారు, నొచ్చుకోనీ. మొన్న ఆ పాత పేజీ తెరిచి, మేడమ్ మాటల కింద ఇంకో వాక్యం చేర్చాను. "చూడకుండా రాసింది నేను." నా పేరు పెట్టాను. ఎన్నో ఏళ్ల కిందటే చేయాల్సిన పని. నూకరత్నానికి ఫోన్ చేసి అంతా చదివి వినిపించాను.

ఆవిడ చివరిదాకా విని, "క్యాను నీళ్లు పోసింది నేను కదండి. ఆ అమ్మగారి పక్కన నా పేరూ ఎయ్యండి" అంది.

వేశాను.