మా ఇంగ్లీషు సారు చదివిన సినిమాలు

కొత్తగూడెం దవాఖానాలో మా ఇంగ్లీషు సారు పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఖమ్మంలో జరిగే ఫిలిం ఫెస్టివల్‌కు అప్పటికి నెల కూడా లేదు. పెద్దకర్మ మర్నాడు ఆ ఫెస్టివల్ నడిపే ఆయన ఫోన్ చేశాడు. సారు గురించి బాధపడ్డాడు. చివర్లో, "అన్నా, ఈసారి మీవాళ్ళు వచ్చినా హాల్లో సినిమా చదువుడు ఉండదు గదా?" అన్నాడు. సరే అనకుండానే ఫోన్ పెట్టేశాను. నోట్లోంచి మాట రావడం నాకెప్పుడూ ఆలస్యమే.

అక్కడ వేసేవి పెద్ద కంపెనీల అండ లేకుండా ఎవరికి వారు తీసిన చిన్న సినిమాలు. ఎక్కడెక్కడి భాషలో. మాటల అర్థం తెర అడుగున ఇంగ్లీషులో పడుతుంది. రిటైరైనప్పటి నుంచి సారు ఏటా ములకలపల్లిలో మమ్మల్ని పదిహేను మందిని బస్సెక్కించేవారు. కూలికి పోయేవాళ్ళు, బీడీలకు తునికాకు కోసేవాళ్ళు, ఎరువుల దుకాణంలో పద్దులు రాసే నేను. హాల్లో సారు మా మధ్య వరుసలో కూర్చుని, గొంతు కోసం బుగ్గన లవంగం పెట్టుకుని, ఆ ఇంగ్లీషును అప్పటికప్పుడు తెలుగు చేసి మాకు వినిపించేవారు.

మొదటి ఏడాదే ఆ నిర్వాహకుడు వచ్చాడు. "సార్, పక్కోళ్ళకు డిస్టర్బ్ అయితుంది."

"ఇంగ్లీషు రానోళ్ళు రావద్దని పాసు మీద రాసినవా తమ్మీ? రాయలే గదా. పో, కూసో."

మళ్ళీ తెర వైపు తిరిగి చదువుతూ పోయారు.

ఒక సినిమాలో గంటసేపు ఒకాయన కొండ మీద మేకలు కాయటమే. మాటల్లేవు. పట్నం వాళ్ళు ఒక్కొక్కరే లేచిపోయారు. మావాళ్ళు కదల్లేదు. "ఆ నల్లమేక ఎనకకాలు జూడుండ్రి, ముల్లు దిగింది," అంది మా వాడ పెద్దవ్వ. కాపరికి ఆ సంగతి తెలిసింది సినిమా చివర్లో! "అవ్వా, ఇయ్యాల నువ్వే నాకు చదివి చెప్పినవ్," అని సారు మురిసిపోయారు.

ఇంకో సినిమాలో ఊరు నీళ్ళలో మునగబోతోంది. జనం ద్వారబంధాలు ఊడబెరికి నెత్తిన పెట్టుకుని పోతున్నారు. సారు చదవటం ఆపేశారు. "ఏమంటున్నరు సారూ?" అని ఎవరో అడిగితే, "మనోళ్ళు అన్నదే," అన్నారు. ఆ రోజు మాలో గోదావరి ముంపులో ఊరు పోగొట్టుకున్నవాళ్ళు ఇద్దరున్నారు.

తిరుగు బస్సులో ఒక్కొక్కరినీ అడిగేవారు: "కథ చెప్పొద్దు. ఏం చూసినవో చెప్పు." ఐదో తరగతితో బడి మాని, ఎరువుల బస్తాల మీద అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి నేను. నా కళ్ళతో చూసిందాన్ని అడిగి విన్న మనిషి ఆయనొక్కరే.

ఈసారీ వెళ్ళాం, పదిహేను మందిమీ. దీపాలు ఆరాయి. తెర మీద నది ఒడ్డున ఒకామె పడవలోని మనిషితో మాట్లాడుతోంది. అక్షరాలు పడుతున్నాయి, పోతున్నాయి.

"ఏందయ్యా, నీకు ఇంగ్లీషొస్తది గదా. నోరు కుట్టుకున్నవా?" అంది పెద్దవ్వ.

చదివాను. రెండు మాటలు తప్పాను. నిర్వాహకుడు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, ఫోన్‌ల చెప్పిన గదా!"

"చెప్పినవ్. నేను ఒప్పుకోలే," అని మళ్ళీ అందుకున్నాను.

అప్పటికే పడవ ఒడ్డు వదిలింది. వెళ్ళేవాడితో ఆమె అన్న చివరి మాట నేనింకా పూర్తి చేయలేదు. మా వరుస మొత్తం పడవను పోనిచ్చి, ఆ మాట కోసం నా వైపు వంగి ఉంది.