వాసన రాని గంధపుచెట్లు

2021 వేసవి. తాడేపల్లిగూడెంలో మొక్కల ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. జంగారెడ్డిగూడెం దగ్గరి పల్లె నుంచి రూతమ్మగారు ఒక చెక్కముక్క గుడ్డలో చుట్టి తెచ్చారు. పోయిన భర్త పెంచిన శ్రీగంధం తోటలోది. ఒక బేరగాడు చెట్టు తొలిచి చూసి, వాసన లేదు, ఇవి గొడ్డుచెట్లన్నాడట. వాటిని పీకించి పామాయిల్ వేద్దామని కొడుకు డేవిడ్ పొక్లెయిన్ మాట్లాడేశాడు. సోమవారం వస్తుంది.

ముక్క తెల్లగా ఉంది. ఎంత పీల్చినా వాసన లేదు.

గంధపుచెట్టుకు వాసన పుట్టుకతో రాదు. లోపలి చెక్క చేవదేరేటప్పుడు శాంటలీన్ సింథేజ్ అనే ఎంజైమ్ పని మొదలుపెడుతుంది. గంధపు నూనెకు మూలమైన సెస్క్విటెర్పీన్లనే పదార్థాలను తయారుచేసేది అదే. ఆ ఎంజైమ్ కోసం చెట్టు రాసుకునే ఆదేశం ఆర్‌ఎన్‌ఏ. నూనె చేరకముందే అది పచ్చిచెక్కలో దొరకవచ్చు. తీసిన చెక్కను వెంటనే అతిచల్లని లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించకపోతే ఆ ఆర్‌ఎన్‌ఏ పాడైపోతుంది, అందుకే రూతమ్మగారు తెచ్చిన ముక్క పరీక్షకు పనికిరాదు.

మా ప్రయోగశాల నడిపే మేడమ్ ఒప్పుకోవడంతో మర్నాడే తోటకు వెళ్లి ఐదు చెట్ల నుంచి సన్నటి చెక్కపుల్లలు తీసి అక్కడే గడ్డకట్టించాను. డేవిడ్ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

శనివారం మొదటి ప్రయత్నం చెడింది. చెక్కలోని జిగురు ఆర్‌ఎన్‌ఏను రానివ్వలేదు. ఇంకొక్కసారికి సరిపడా నూరిన చెక్కపొడి మాత్రమే మిగిలింది. ఆదివారం మళ్లీ మొదలుపెట్టాను. సాయంత్రానికి, ఆ ఆదేశం ఉందో లేదో చూపే పీసీఆర్ యంత్రం తెరపై మూడు చెట్ల గీతలు పైకి లేచాయి. రెండు లేవలేదు.

ఫోన్ చేశాను.

"నూనె ఉందామ్మా?" అన్నారు రూతమ్మగారు.

"ఇంకా లేదండీ. మూడు చెట్లలో నూనె చేసే పని మొదలైంది. రెండింటిలో కనబడలేదు. తక్కిన తోట సంగతి నాకు తెలీదండీ."

ఆవిడ మళ్లీ అడిగారు: "మీ తోటైతే కొట్టించేస్తారా?"

"నేనైతే ఆగుతానండీ. కానీ నా మాట తప్పవ్వచ్చు."

డేవిడ్ ఫోన్ తీసుకుని ఎన్నాళ్లాగాలని అడిగాడు. ఈ పరీక్ష అది చెప్పదన్నాను.

చివరికి తల్లీకొడుకులు సగం తోట ఉంచి సగం పీకించారు. ఆ తర్వాత గాలివాన వచ్చినప్పుడల్లా, ఉంచిన చెట్లు పడిపోతే ఆ పాపం నాదేనన్నట్టు భయపడేదాన్ని.

పోయిన వేసవిలో మళ్లీ వెళ్లి తొలిచాను. కొన్ని చెట్ల చెక్క లోపల గోధుమరంగు తిరిగింది. రూతమ్మగారు ఒక పుల్ల కొడుకు ముక్కు దగ్గర పెట్టారు. అతను గంధపు వాసన పీల్చాడు. మళ్లీ ఒకసారి వాసన చూశాడు. కొన్ని చెట్లు మాత్రం ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి.

పీకేసిన సగంలో ఏముండేదో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఎవరికి ఫలితం చెప్పినా, అది ఎంతవరకు చెప్పగలదో ముందు చెబుతున్నాను. ఆ మాట వినేటప్పుడు ఎదుటివారి చిన్నబోయే ముఖం చూడటం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.