నీడలో ముఖం నిలిపే షీటు

ఫిల్మ్‌నగర్‌లో సినిమా స్టిల్ ఫోటోలు కడిగే ల్యాబ్‌లు నడిచిన రోజుల్లో మంజులత నెగటివ్‌ల మీది గీతలు, మచ్చలు సన్న కుంచెతో పూడ్చేది. ల్యాబ్ మూతపడ్డాక మోతీనగర్‌లో జిరాక్స్ షాపులో చేరింది. ఆమె యాభై మూడో ఏట సినిమా నిర్మాత వెంకటేశ్వరరావు కూతురు నిహారిక ఆమెను వెతికించి జూబ్లీ హిల్స్ ఇంటికి పిలిపించుకుంది. ఫోటోలను పాతకాలంలోలా ఎండలో, మందు పూసిన కాగితం మీద నెగటివ్ పరిచి అచ్చువేయాలని నిహారికకు సరదా పుట్టింది. కంప్యూటర్‌లోని ఫోటోను నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మార్చి పారదర్శకమైన షీటు మీద ప్రింటు తీస్తే అదే నెగటివ్. ఏ షీటు పనికొస్తుందో తేల్చడం మంజులత పని.

మూడు రకాలు తెప్పించింది. అద్దంలా మెరిసే చవక షీటు మీద సిరా ఆరలేదు. రెండోదాని మీద ప్రింటర్ రోలర్లు గీతలు పెట్టాయి. మూడోది కాస్త పాలరంగులో ఉంది. తడి వేలితో ముట్టుకుంటే ఒకవైపు జిగురుగా తగిలింది. సిరా పీల్చుకునేది ఆ వైపే.

"ఇది మంచిగున్నది మేడమ్. నీడల ఉన్నది గూడ పోదు," అంది.

ఆ వారమే నిహారిక ఒక ఫోటో తెరిచి చూపించింది. పదకొండేళ్ల కిందట ఆమె తండ్రి సినిమా సెట్లో, లైట్ల మంచె విరిగి కిందపడిన మనిషి. తెల్ల చొక్కా, నీడలోకి వాలిన తల. అతను లైట్‌మన్ భిక్షం, మంజులత భర్త. ఆమె కుర్చీ పట్టుకుని నిలబడింది.

"మీ ఆయనే, తెలుసు ఆంటీ," అంది నిహారిక. "నాన్న ఫైల్స్‌లో దొరికింది. లైటింగ్ చూశారా? మీరైతే ఫీలయ్యి చేస్తారని."

"నాతోని గాదు మేడమ్."

"అయితే వేరేవాళ్ళతో చేయిస్తాను. రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

మంజులత ఒప్పుకుని, చవక షీటు ప్రింటర్లో పెట్టింది. ముఖం ఉన్నచోట సిరా చుక్కలుగా విడిపోయింది. అచ్చులో చొక్కా తేలింది, ముఖం వట్టి మచ్చ. ఆమె ప్రాణం కుదుటపడింది. నిహారిక అచ్చు చూసి, చెత్తబుట్టలోంచి షీటు తీసి వెలుగుకి పట్టుకుంది. మంచి షీటు తనే తెచ్చిచ్చి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఈసారి అన్నీ వచ్చాయి. కనుబొమ్మ మీది గాటు, సగం తెరిచిన కళ్ళు. ఆనాడు ఆస్పత్రిలో శవాన్ని ముఖం కప్పే అప్పగించారు. ఆ ముఖాన్ని ఆమె ఇంత స్పష్టంగా చూడటం ఇదే.

నిహారిక పెట్టిన ఎగ్జిబిషన్‌లో ఆ అచ్చు కింద 'అజ్ఞాత శ్రామికుడు' అని రాశారు.

"పేరు రాయుండ్రి మేడమ్. భిక్షం."

"పేరు రాస్తే మిస్టరీ పోతుంది ఆంటీ."

వెంకటేశ్వరరావు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఎవరమ్మా ఇతను?"

"ఎవరో లైట్‌మన్ నాన్నా."

"బాగా తీశారు," అని, ఇంట్లో భోజనాల బల్లకు ఎదురుగా పెట్టించమన్నాడు.

మంజులత ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. నెగటివ్‌లు చేసే గదికి వెళ్ళాలంటే భోజనాల గది దాటాలి.