ఎండిన కొల్లేట్లో ఏరిన ఆటగాడు

పోయిన వారం భీమడోలులో ఒక ఆటస్థలం కమిటీ వారు నన్ను పిలిపించారు. రైలుకట్ట పక్కన పల్లపు నేల చెక్క ఒకటి దొరికిందనీ, దాన్ని ఫుట్‌బాల్ ఆటకు పనికొచ్చేలా మెరక చేయించాలనీ, అందుకు అంచనా రాసిపెట్టమనీ అడిగారు. నేను ఓవర్సీరును. ఇలాంటి పనికి రాయవలసినవి నాకు వరసగా తెలుసు: ముందు తుప్పలు కొట్టించడం, తరువాత మట్టి నింపడం, నీళ్ళు పోయేందుకు వాలు, ఆ పైన గ్రావెల్, చివర రోలరు. గ్రావెల్ దాకా రాశాను. అప్పుడు కమిటీలోని ధాన్యం వ్యాపారి ఒకాయన నా కుర్చీ మీదికి వంగి సంతోషంగా అన్నాడు: "తొందరగా కానివ్వండి సార్. ఈ ఏడు కొల్లేట్లోంచి ఒక కుర్రాణ్ణి పట్టుకొచ్చామండీ. బంతి కాలికి అతుక్కుపోద్దనుకోండి!" ఎక్కడ ఆడగా చూశారని అడిగాను. "ఇంకెక్కడండీ, కొల్లేట్లోనే. నీళ్ళు తీశాక," అన్నాడు. మిగతాది ఇంటి దగ్గర రాసి పంపుతానని చెప్పి, కాగితం మడిచి లేచి వచ్చేశాను.

నాకు మా చిన్నమావయ్య గుర్తొచ్చాడు. మా అమ్మకు ఆఖరి తమ్ముడు. నాకంటే రెండేళ్ళే పెద్ద. అందుకని మావయ్యా అని పిలిచినా నువ్వు అనే అనేవాణ్ణి. మా నాన్నగారు ఏలూరులో మిషన్ బడి పంతులు. అమ్మ పుట్టిల్లు మండవల్లికి అవతల, కొల్లేటి లోపలి ఒక లంక. ముప్ఫై రెండో సంవత్సరం ప్రాంతాల్లో నేను ఇంజనీరింగ్ స్కూల్లో చదువుకుంటూ సెలవులకు అక్కడికి వెళ్ళేవాణ్ణి. వానాకాలం దోనె మీద దాటిన నీళ్ళు వేసవికి నేలైపోయేవి, నడిచి వెళ్ళేవాళ్ళం. ఆ నేల సంగతి కొంచెం చెప్పాలి, మావయ్య బతుకంతా దాని మీదే నిలబడి ఉంది కనుక. పైన వేలెడు మందాన ఎండి పెచ్చులు లేచిన నల్లమట్టి, కింద ఇంకా తడి. అడుగు వేస్తే పాదం మెత్తగా దిగుతుంది. ఎండిన నాచు వాసన, చేపల వాసన, ఎక్కడో తగలబెట్టిన తుంగ వాసన కలిసి గాలిలో ఉంటాయి. అక్కడ బంతి పైనుంచి పడితే మళ్ళీ లేవదు. కదలనని మొండికేసిన గేదెలాగా పడ్డచోటే కూర్చుంటుంది. మిగతా కుర్రాళ్ళు దాని చుట్టూ జారిపడుతుంటే మావయ్య నిదానంగా వచ్చి, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి వేళ్ళతో బంతిని బురదలోంచి పెకలించి, ఎదుటివాడి తల మీదుగా తను అనుకున్న చోటికి వేసేవాడు. పరుగన్నది అతని ఆటలోనే లేదు. దాని అవసరం అక్కడ ఎవరికీ లేదు.

ఆ రోజుల్లో మా వైపు మూడు క్లబ్బులుండేవి. ఏలూరు క్లబ్బు ప్లీడర్లది, తాడేపల్లిగూడెం క్లబ్బు రైస్ మిల్లుల వాళ్ళది, భీమడోలు క్లబ్బు ధాన్యం వ్యాపారులది. మంచి ఆటగాడు ఒకడు కనిపిస్తే ముగ్గురూ పోటీపడి రాత్రికి రాత్రి ఎత్తుకుపోవడం, దాని మీద తగాదాలు, ఒకసారి కొట్లాట కూడా అయ్యాక, పెద్దలు కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఏటా వేసవిలో చుట్టుపక్కల కుర్రాళ్ళనందరినీ ఒకచోటికి రమ్మని ఆడించి చూడాలి. ఈ మూడింటి షీల్డు ఆటల్లో కిందటేడు అడుగున ఉన్న క్లబ్బు ముందు ఏరుకోవాలి, తరువాత మిగతావాళ్ళు వంతుల వారీగా. ఏరినవాడి భుజం మీద క్లబ్బు రంగు తువ్వాలు వేయాలి. తువ్వాలు పడ్డవాణ్ణి ఇంకొకరు ముట్టుకోకూడదు. వాడికి ఏదో ఒక కొలువు చూపించడం క్లబ్బు పని, ఆడి గెలిపించడం వాడి పని. ఇంతవరకూ చక్కని ఏర్పాటే. ఈ ఎంపిక ఎక్కడ జరపాలనే దగ్గర మాత్రం పెద్దలు తమ తెలివంతా చూపించారు. ఏలూరులో ఆడితే గూడెం వారు రారు, గూడెంలో ఆడితే ఏలూరు వారు రారు. అందుకని ఎవరిదీ కాని చోటు, చదునైన చోటు, పైగా పులుసుకు కొర్రమీను అప్పటికప్పుడు దొరికే చోటు చూసుకున్నారు. ఎండిన కొల్లేరు! తాటాకు పందిరి కింద అరిటాకులు పరిచి, మామిడిపళ్ళ బుట్టలు దింపి, ఆ పెద్దమనుషులు భోజనం మధ్యలో తలెత్తి ఆట చూసేవారు. షీల్డు ఆటలు మాత్రం కోతలయ్యాక, ఏలూరులో, గ్రావెల్ పరిచి రోలరు తిప్పిన నేల మీద. ఈ రెండు నేలలూ ఒకటి కావని ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఎవరికీ తోచలేదు. భీమడోలు వారు ఒక ఏడు ఇక్కణ్ణుంచే గోలుకీపరును ఏరుకుపోయారు. బురదలో చేపలా దొర్లేవాడు. గ్రావెల్ మీద ఒక్కసారి దొర్లి, మోచేతులు రెండూ చీరుకుని, ఆ తరువాత బంతి వస్తుంటే నమస్కారం పెట్టి నిలబడేవాడు. అయినా మరుసటి వేసవికి అందరూ మళ్ళీ కొల్లేటికే వచ్చారు. పులుసు అంత బాగుండేది.

మావయ్య వంతు వచ్చిన ఏడు గూడెం వారిది మొదటి ఎంపిక. నేను పందిరి గుంజను ఆనుకుని చూస్తున్నాను. మావయ్య ఆ రోజు ఒంటికాలి మీద నిలబడే నాలుగు గోల్సు వేయించాడు. నల్లజర్ల మెట్ట నుంచి వచ్చిన సన్నపాటి కుర్రాడొకడు గుర్రంలా పరిగెత్తబోయి, ప్రతి పరుగుకూ ఒకసారి వెల్లకిలా పడి, తెల్లచొక్కా నల్లగా చేసుకున్నాడు. పందిట్లో అందరూ పొలమారేలా నవ్వారు. "కొంగండీ బాబూ, కొంగ! ఎలా పొడిచాడో చూశారా!" అని గూడెం మిల్లు యజమాని, చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్ళి, మావయ్య భుజం మీద ఆకుపచ్చ తువ్వాలు వేశాడు. నల్లజర్ల కుర్రాడు అందరికంటే ఆఖర మిగిలిపోతే, ఒట్టి చేతులతో పంపడం బాగుండదని ఏలూరు వారు తీసుకున్నారు.

మిల్లులో కాటా దగ్గర కొలువు, ఉండడానికి గది. ధాన్యం ధర పడిపోయి రైతులే దిగాలుగా తిరుగుతున్న కాలంలో అది చిన్న మాట కాదు. కాని లంకలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి కుటుంబానికీ నీళ్ళలో తన చోట పాతిన వెదురు గెడ ఉంటుంది. ఆ గెడ చుట్టూ వలలు, బుట్టలు వాళ్ళవే. బయట జీతానికి కుదిరినవాడు గెడ పీకెయ్యాలి. పీకిన చోటు ఊరు ఇంకొకరికి ఇస్తుంది, మళ్ళీ అడగడానికి లేదు. తాతయ్య పోయాక ఆ చోటు మావయ్య పేర ఉండేది. పెద్ద మావయ్యలకు వేరే చోట్లున్నాయి. అమ్మమ్మ రెండు ఆదివారాలు గుడిలో మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. తరువాత ఒకే మాట అడిగింది.

"ఆళ్ళు నిన్ను ఎన్నాళ్ళకి ఏరారు రా?"

"ఎన్నాళ్ళకేంటే అమ్మా, ఆడినన్నాళ్ళు."

"మరి ఈ గెడ మీ నాన్న బతికినన్నాళ్ళూ ఉందిరా నాయనా."

మావయ్య నవ్వి, తొలి వరద రాగానే దోనె తోసుకుంటూ వెళ్ళి గెడ పీకాడు. పక్కన దోనెలో నేనూ ఉన్నాను. అది చాలా లోతుకు దిగి ఉంది. అటూ ఇటూ ఊపితే గాని రాలేదు. వచ్చాక కింద బుడగలు లేచి, ఆ చోటు మిగతా నీళ్ళలో కలిసిపోయింది.

మొదటి నెలలు దివ్యంగా గడిచాయి. వానలకు గూడెంలో వాళ్ళు సాధన చేసే స్థలం కూడా బురదే. యజమాని తన స్నేహితుల్ని బండ్లలో తీసుకొచ్చి, గొడుగులు పట్టించి, "అదిగో, కొంగ," అని చూపించేవాడు. మావయ్య కోసం మద్రాసు నుంచి బూట్లు తెప్పించాడు. ఆ పాదాలు వాటిలో పట్టలేదు గాని, అద్దాల బీరువాలో మాత్రం బాగా ఉండేవి. వానలు వెనక్కి తగ్గాయి. నేల ఆరింది, తరువాత గట్టిపడింది. ఆ మధ్య నాకు రాసిన కార్డులో, "బంతి ఇక్కడ నా మాట వినటంలేదు అల్లుడూ, కొంచెం అలవాటు కావాలి," అని ఉంది.

క్రిస్మస్ సెలవుల్లో నేను ఏలూరులో ఆ ఆట చూశాను. బంతి గ్రావెల్ మీద పడి నడుమెత్తున లేచి, మావయ్య ఒంటికాలి మీద నిలబడేలోగా అవతలికి వెళ్ళిపోతోంది. ఎక్కడ పడుతుందో అతను ముందే లెక్క కట్టి అక్కడికి వెళ్ళి నిలబడేవాడు. లెక్క సరైనదే, నేల తప్పు. రెండుసార్లు పరిగెత్తబోయి బోర్లా పడ్డాడు. తాడు అవతల జనం మొదలుపెట్టారు: "ఒరేయ్ కొంగా! ఇది కొల్లేరు కాదెహె, ఏలూరు!" "చేపేదిరా, దొరికిందా?" "నీళ్ళు తోడి పొయ్యండర్రా, పాపం, ఆడతాడు!" ఆ నేల మీద నల్లజర్ల కుర్రాడు ఒక్కసారి కూడా జారలేదు. గోల్సు మూడూ వాడివే. మూడో గోలుకు మావయ్య పక్కనుంచే వెళ్ళాడు. వెళుతూ, నిజంగా జాలితోనే అనుకుంటాను, "పక్కకి తప్పుకోండన్నా, తగుల్తది," అన్నాడు.

ఆట అయ్యాక యజమాని దగ్గరికి వెళ్ళాను. కొత్తగా నేర్చుకున్న చదువు నోటిలో ఊరుతోంది. నేల తేమ ఎలా ఉంటే బంతి ఎలా లేస్తుందో, అతన్ని చూసిందీ ఆడించిందీ రెండు వేరు నేలల మీద ఎలాగో వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఎంత మృదువుగా మాట్లాడతారో మా వైపు! "బాగుందండీ. మీరు ఇంజనీరింగ్ చదువుతున్నారు, నేల సంగతి మీకు తెలుస్తుంది. మరి పదకొండు మందీ ఆడింది ఆ నేల మీదే కదండీ? నేలకి జీతం ఇవ్వటం లేదుగా నేను," అన్నాడు. మరి ఏరింది మీరే కదా అన్నాను. "అవునండీ, నేనే ఏరాను. అందుకేగా నవ్వులపాలయ్యింది నేను," అన్నాడు. ఆయన కంట్లో నిజంగానే తడి కనిపించింది. మావయ్య కోసం మాత్రం కాదు.

ఆ తరువాతది త్వరగా చెప్పెయ్యవచ్చు. మావయ్యను ఆట నుంచి తీశారు. తరువాత కాటా దగ్గర నుంచి తీసి బస్తాల మోతకు వేశారు. వేసవి వచ్చింది. గూడెం వారు ఆ ఏడు అడుగున ఉన్నారు కనుక మళ్ళీ మొదటి ఎంపిక వాళ్ళదే. కొల్లేటికి వెళ్ళి, పులుసు తిని, ఇంకొకణ్ణి ఏరుకొచ్చారు. కొత్తవాడికి గది కావాలి కనుక మావయ్య గది ఖాళీ చేశాడు. తువ్వాలు తిరిగి ఇచ్చి పొమ్మన్నారట.

లంకలో అతని చోట అప్పటికే వేరేవాళ్ళ గెడ ఉంది. అన్నలు పెద్దల దగ్గర అడిగి చూశారు. కట్టుబాటు కట్టుబాటేనన్నారు, వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఒకడికి తిరిగి ఇస్తే అందరికీ ఇవ్వాలి. చివరకు ఆ చోటు దక్కినవాడే జాలిపడి మావయ్యను దోనె తొయ్యడానికి కూలికి పెట్టుకున్నాడు. తన నీళ్ళలోనే, తనకు తెలిసిన చేపల దగ్గరికే, ఇంకొకణ్ణి తీసుకెళ్ళడం. మరుసటేడు సెలవులకు వెళ్ళినప్పుడు నేనూ ఆ దోనె ఎక్కాను. నా చదువు ఊరుకోలేదు. "తప్పు నీది కాదు మావయ్యా. ఆ నేలది," అన్నాను. అతను గెడ దింపి, బలంగా తోసి, దోనె కదిలాక అన్నాడు: "నేలనేం అనకు అల్లుడూ. ఎండిన కొల్లేట్లో చూసి ఆళ్ళు నన్ను ఏరారు. అదే చూసి నేనూ ఆళ్ళని ఏరుకున్నాను. పులుసు తిన్నది ఆళ్ళు, అంతే తేడా." ఆ తరువాత వేసవుల్లో లంక కుర్రాళ్ళు బంతి పట్టుకుని పిలిచినా వెళ్ళలేదు. కాలు మాత్రం, ఒడ్డున ఎదురుచూస్తూ నిలబడినప్పుడు, తెలియకుండానే రెండోదాని మీదికి ఎక్కేది.

నాలుగు రోజుల కిందట అంచనా పూర్తి చేసి పంపాను. గ్రావెల్ రాయకుండా ఉండలేను. లేకపోతే నీళ్ళు నిలుస్తాయి. కింద, ఎవరూ అడగని ఒక వాక్యం చేర్చాను: ఆటగాళ్ళను ఏరేముందు ఈ నేల మీద ఆడించి చూడవలెను. ఇవాళ భీమడోలు నుంచి జవాబు వచ్చింది. అంచనా చాలా బాగుందట, ఆ ఆఖరి వాక్యం అంచనాకు సంబంధించినది కానందున కొట్టేశారట. కొల్లేట్లోంచి తెచ్చిన కుర్రాడు వచ్చి అప్పుడే కొలువులో చేరాడట. వాడి లంకలో వాడి చోట ఈపాటికి ఇంకెవరిదో గెడ దిగి ఉంటుంది. కొల్లేరు ఏటా ఎండుతుంది, ఏటా నిండుతుంది. మనిషి గెడ పీకిన చోటును మాత్రం ఏ ఏటి నీళ్ళూ తిరిగి తీసుకురావు.