టిడ్మార్ష్ గారి చేతి అద్దం

టిడ్మార్ష్ గారి అద్దంలో పడ్డవాళ్లు ఏడాది తిరక్కుండా పోతారని లండన్ లాంబెత్‌లో మా సందంతా చెప్పుకునేది. అది అబద్ధం. దాన్ని ఇంటింటికీ చేరవేసినదాన్ని నేనే గనుక సరిదిద్దాల్సిందీ నేనే.

ముందు ఆ అద్దం సంగతి. ఆయన ఏ మనిషినీ ఎదురుగా చూడడు. పలకరిస్తే చాలు, గిరుక్కున వెనక్కి తిరిగి, అరచేయంత అద్దాన్ని భుజం మీదికి ఎత్తి, అందులో మన ముఖం చూస్తూ మాట్లాడతాడు. రొట్టెల కొట్లో బేరం వీపుతోనే. పాదిరి గారికి నమస్కారం వీపుతోనే. అలా వెనక్కి నడుస్తూ పాలబండిని గుద్దుకుని, గుర్రానికి క్షమాపణ చెప్పింది కూడా వీపుతోనే.

"మనిషివైపు తిరిగి మాట్లాడితే అరిగిపోతావా నాయనా?" అన్నాను ఒకసారి.

"ఎదురుగా చూస్తే మీరు నాకు తప్పుగా కనిపిస్తారు పొలార్డమ్మా," అంది వీపు.

ఆయన వృత్తి అలాంటిది. పాటల హాళ్లలో జనం వెర్రెత్తిపోయిన పాటలను అచ్చువేసి అమ్ముతారు కదా, వాటి అట్ట మీద రంగుల బొమ్మలు ఆయన గీసేవాడు. అచ్చువేసే రాతి పలక మీద తిరగేసి గీస్తేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. అందుకే మనిషిని అద్దంలో చూసి గీసేవాడు. ఒకసారి అద్దం మరిచిపోయి గీస్తే, ఓ పేరుమోసిన పాటగాడి కోటు బొత్తాలు ఆడవాళ్ల కోట్లకుండేలా ఎడమవైపు పడ్డాయి. ఆ పెద్దమనిషి మా సందులోకి వచ్చి, "నేను ఆడదానిలా ఉన్నానా?" అని కేకలేశాడు. టిడ్మార్ష్ గారు అద్దం ఎత్తి, నిదానంగా చూసి, "ఇప్పుడు లేరండీ," అన్నాడు.

నలభై ఏళ్లు అలా చూసి చూసి ఆయనకు లోకమే తిరగబడింది.

ఇంట్లో చావు జరిగితే మేం అద్దాలకు గుడ్డ కప్పుతాం, అందులో ముఖం పడ్డవాళ్లది తర్వాతి వంతని. ఈయన చావింటి ముందు కూడా అద్దం ఎత్తేవాడు. మా సందులోనే ఉండే డార్కస్ కూతురు ఎఫీ, ఆరేళ్లది, గుమ్మంలో కూర్చుని దగ్గుతూ ఉండేది. వారమంతా ఆ గుమ్మం ముందు ఈయన వీపు కనిపించింది. మార్చిలో పిల్ల పోయింది. కాపలాదారు జేబెజ్ తాత కాళ్లు వాచి కదల్లేకపోతే అక్కడా ఈ వీపే. మే నెలలో తాత పోయాడు.

ఇంక చూసుకోండి. మా ఇంట్లో బట్టలు నొక్కే మర ఉంది. సందులోని దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి, కబుర్లన్నీ అక్కణ్నుంచే వెళ్తాయి. "రెండుసార్లు అద్దం ఎత్తాడు, రెండు శవపేటికలు లేచాయి," అని నేనే అన్నాను. నెల తిరిగేసరికి ఆయన కనిపిస్తే ఆడవాళ్లు ముఖాల మీదికి ఏప్రాన్లు లాక్కున్నారు. శనివారానికల్లా గది ఖాళీ చేయమని ఆయన ఇంటి యజమానురాలు చెప్పేసింది. అందరికంటే గట్టిగా పట్టుబట్టింది డార్కసే.

శుక్రవారం డార్కస్ నా మర దగ్గరకు ఉత్త చేతులతో వచ్చింది.

"పొలార్డమ్మా, దాని కళ్లు నాకు గుర్తురావట్లేదు."

"ఏంటే ఆ మాటలు?"

"బుగ్గ గుర్తుంది. జుట్టు గుర్తుంది. కళ్లు రావట్లేదు. ఈస్టర్‌కి ఫోటో తీయిద్దామనుకున్నాం."

మర తిప్పుతూ ఉండిపోయాను, అందులో బట్ట లేదని కూడా చూసుకోకుండా.

శనివారం, నొక్కిన చొక్కాలు ఇచ్చే వంకతో ఆయన గదికి వెళ్లాను. వెళ్లింది గది చూడ్డానికే, దాచడం ఎందుకు. ఆయన వెళ్లేది ఖాయమో కాదో చూస్తానని డార్కస్ కూడా వెనకే వచ్చింది. ఆయన పెట్టెకు తాడు కడుతున్నాడు.

గోడల నిండా పాటల అట్టలే. ముందు వరసలో పొడుగు టోపీల పాటగాళ్లు, షాంపేన్ సీసాలు. వెనక గుంపులో మా సందు! జేబెజ్ తాత జమీందారులా కూర్చుని, నిగనిగలాడే బూట్లున్న కాళ్లు బల్ల మీద చాపాడు. కాళ్లకు వాపు లేదు. మరో అట్ట మీద సముద్రం ఒడ్డున పాటగాడు గాడిద మీంచి పడిపోతుంటే, వెనక ఇంకో గాడిద ఎక్కి ఓ పిల్ల పగలబడి నవ్వుతోంది. ఎఫీ. ఒక కన్ను కాస్త చిన్నది, అచ్చం అలాగే.

డార్కస్ ఎంతసేపు చూసిందో. చివరికి, "దానికి ఆ ఉన్ని టోపీ ఎక్కడిది?" అంది.

"నేనే పెట్టానమ్మా. సముద్రపు గాలి కదా, దగ్గు ఎక్కువవుతుందని." వీపు కొంచెం వంగింది. "దగ్గేవాళ్లను ముందు గీస్తాను. బాగున్నవాళ్లు ఎక్కడికి పోతారులే అని. ఇది ఇద్దామని మూడుసార్లు మీ తలుపు తట్టాను."

"మూడుసార్లూ మొహం మీదే తలుపేశాను."

"మొహం మీద కాదమ్మా, వీపు మీదే."

ఆమె ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. కాగితాన్ని నిద్రపోతున్న పిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకుని, చూసి చూసి మెట్లు దిగింది. నేను పెట్టె దగ్గర కూర్చుని ఆయన కట్టిన తాడు విప్పేశాను.

అప్పుడు కనిపించింది, మూలన ఇంకో బొమ్మ. టోపీకి ఈకలు, గంటలాంటి గౌను, నా ముక్కు, నా గడ్డం. మధ్యలో నోరు ఉండాల్సిన చోట తెల్లకాగితం.

"టిడ్మార్ష్ గారూ, నిజం చెప్పండి. నా వంతు వచ్చిందా?"

ఆయన అద్దం కింద పెట్టాడు. మెల్లగా ఇటు తిరిగాడు. అన్నేళ్లలో మొదటిసారి నా ముఖం ఎదురుగా చూశాడు.

"లేదమ్మా. వాళ్లకు వ్యవధి లేదని తొందరపడ్డాను. మిమ్మల్ని ఏడేళ్లుగా గీస్తున్నాను. ఆ నోరు ఒక్క క్షణం ఆగితే కదా, పూర్తిచేయడానికి!"